ఎనబై రూపాయల చోటు

అంకీసల శంకరపటం అయిపోయిన రాత్రి
ఎద్దులు ఉరికిన చెలకల్నే
వడసా నాటకం కంపెనీ డేరా వేస్తది.
పొద్దుగూకక ముందే మైకు మరాఠీల మొత్తుకుంటది:
గాదీ మూడు వందలు, కుర్చీ రెండొందలు,
కింద నేల ఎనబై.

"ఆగు, తొందరపడకు" అంటడు సడువలి మామ.
తునికాకు కట్టలు లెక్కపెట్టిన చేతులాయనవి,
ఐదు రూపాయలు కూడ ఊకె జారనియ్యవు.
టికెట్ కొనే ముందు డేరా చుట్టూ ఒకసారి తిరుగుతడు
అంగట్ల బర్రెను చూసినట్టు.

గాదీల మీద సర్పంచి, ఫారెస్టోళ్లు కూసుంటరు.
వాళ్ల ముందట ఆర్గన్ పెట్టె.
వాయించేటోని నెత్తి కనపడతది గని
ఆడేదాని పాదాలు కనపడయి.
పాదాలు లేని ఆటకు మూడు వందలా?
కుర్చీలు మంచియే, జనరేటర్ దిక్కున్నయి.
కండ్లల్ల నీళ్లొస్తె
నాటకానికో డీజిల్ పొగకో తెల్వదు.
గుంజ వెనుక కూసున్నోనికి
విలన్ సగమే చస్తడు.
ఎడమ దిక్కు డేరా కిందికెళ్లి
తెల్లారగట్ల గోదారి చలి దూరుతది.
రెండో గంట కొట్టినంక ధర దించుతరని
కాసుకొని నిలబడేటోళ్లుంటరు,
వాళ్లకు మిగిలేది గా గుంజకాడి జాగనే.
కుర్చీ అగ్గువకు ఇస్తాండంటె
ముందుగాల దాని కాలు చూడాలె.

మరి మాది?
స్టేజీ కుడి మూలకు, నేల మీద, రెండో వరస.
అక్కడ తడక వెనుక
మాటలందించే ముసలాయన కూసుంటడు.
మోకాళ్ల మీద చేతిరాత వహీ, నెత్తి మీద చిన్న బల్బు.
ప్రతి మాట ఆయన గుసగుసగ ఒకసారంటడు,
వేషం గట్టినోళ్లు గట్టిగ ఇంకోసారంటరు.
మాకు ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ.
మామకైతె బడే లేదు.
"మొదటిసారి సమజ్ చేసుకోవాలె,
రెండోసారి ఏడ్వాలె.
ఎనబైకి రెండు నాటకాలు, పిల్లా!"

గోనెసంచి పరిచి, చెప్పులు దాని కింద దాచి,
పల్లీల పొట్లం నడుమ పెట్టుకొని
పదకొండేండ్లు గట్లనే కూసున్నం.

పోయినేడు ముసలాయన రాలే.
ఆయన జాగల ఎవరో పిల్లగాడు, ఫోన్ల చూసి చదువుతాండు.
రాత్రి రెండున్నరకు, మూడో అంకంల,
కొడుకు శవం కాడ తల్లి వేషం కూలబడ్డది.
అప్పుడే
పిల్లగాని ఫోన్ ఆరిపోయింది.

ఆర్గన్ ఒక్కటే సురను పట్టుకొని సాగదీసింది.
ఆమె నోరు తెరిచింది. మాట లేదు.
మళ్ల తెరిచింది.

ఆ నాటకం మామ మూడూర్లల్ల చూసిండు.
గుసగుసగనే అన్నా అనుకున్నడు,
కుడి చెవి పోయినోని గుసగుస అది,
గాదీల దాకా వినపడ్డది:
"లే కొడుకా, బువ్వ సల్లారుతాంది."

తెలుగుల.

కుర్చీలల్ల ఎవడో కిసుక్కున నవ్విండు.
ఒక టార్చిలైటు మా మీద పడ్డది.
మామ పల్లీపొట్టు ఏరుతున్నట్టు
తల కిందికేసిండు.
ఆమె మా మూలకు చూసింది.
ఊపిరి తీసుకొని
ముందుగాల తెలుగులనే అన్నది, మెల్లగ,
నేల మీద రెండు వరసలకు వినపడేటంత.
తర్వాత మరాఠీల,
డేరా కొసన నిలబడి బీడీ తాగేటోళ్లు
బీడీ పారేసేటట్టు.

తెల్లారి బస్సుకోసం చాయ్ తాగుకుంట
"ఆమెది ఏ ఊరై ఉంటది మామా?" అన్న.
మామ పలకలే.
జేబుల టికెట్ ముక్క తీసి
ఎనబై అని అచ్చుపడ్డ జాగను
బొటనవేలితోని రుద్దిండు.
"వచ్చే ఏడు వంద జేస్తరట" అన్నడు.
చాయ్ పూర్తిగ తాగి, గిలాస దించి,
"జేయనీ" అన్నడు.